గడప దాటితే తమ్ముడు

ఇంట్లో ఆయన ఆమెకి అన్నయ్య. గడప దాటితే తమ్ముడు. ముప్పై ఏళ్లుగా సాగుతున్న ఈ ఏర్పాటులో ఆమె ఒక్కసారి కూడా నోరు జారలేదు. వీధి తలుపు గొళ్లెం మీద చెయ్యి పడగానే నాలుక దానంతటదే సర్దుకునేది. ఆయనకైతే ఇదొక సరదా. బస్సులోనో ఆసుపత్రిలోనో నలుగురూ వినేలా "అక్కా" అని రాగం తీసి పిలిచేవాడు. తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడు, నెలనెలా తలకి రంగేసుకునేవాడు అలా పిలుస్తుంటే ఆమెకి ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

ఈ తిరకాసుకి మూలం ఒక హెడ్మాస్టరు. మోకాళ్లలో రక్తం దిగి ఏళ్ల తరబడి మంచం దిగని పిల్లాణ్ని పదమూడో ఏట బడికి తీసుకెళ్తే, రెండో తరగతిలో కూర్చోబెడతానన్నాడాయన. పదమూడని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరని రిజిస్టరులో ఆరు వేశాడు. అన్నయ్యకి అయిదో తరగతిలో మీసం వచ్చింది. ఆ సర్టిఫికెట్టుతోనే పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగమూ వచ్చింది. ఎవరైనా ఆరా తీస్తే కొంప మునుగుతుందని, బయట తమ్ముడనే పిలవాలని బడి రోజుల్లోనే తండ్రి ఆమెకి గట్టిగా చెప్పాడు. తండ్రి పోయాడు, మాట మిగిలింది. ఇప్పుడు అన్నయ్యకి నిజంగా యాభై, కాగితాల మీద నలభై మూడు. ఆమెకి నలభై ఆరు, కాగితాల మీదా అంతే.

ఆ మంగళవారం ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు కూడా ఆయన హుషారుగానే ఉన్నాడు. "అక్కా, నా కార్డు నీ దగ్గరుందా?" అని అడిగి, పక్కనున్న మేనల్లుడి వైపు కన్ను కొట్టాడు. మేనల్లుడికి, అంటే ఆమె కొడుక్కి, పంతొమ్మిదేళ్లు, మ్యాపులు గీసే ఆఫీసులో పని. ఒంటి నిండా ఎక్కడో ఒకచోట దూదీ కట్టూ ఉంటాయని అక్కడి వాళ్లంతా అతన్ని దూది అంటారు. అన్నయ్యని పోస్టు అంటారు. అక్కడ అసలు పేర్లతో ఎవరికీ పనిలేదు.

ఆ వరండాలో కూర్చునే మగవాళ్లందరిదీ ఒకటే జబ్బు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు. దెబ్బ తగలకపోయినా కీళ్లలోకి దిగుతుంది. అందుకే ఒక్కొక్కరూ కుర్చీలో ఒక్కో రకంగా కూర్చుంటారు. ఒకడు కాలు బారజాపి, ఒకడు మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒకడు కుర్చీ అంచున సగం దిగి. హీమోఫీలియా తల్లుల ద్వారా కొడుకులకి వస్తుంది గనక మేనమామా మేనల్లుడూ జంటగా రావడం అక్కడ వింత కాదు. వేలమంది రక్తం కలిపి తయారుచేసిన పొడి మందు ఇన్నాళ్లూ వాళ్లని నిలబెట్టింది. ఆ పొడిలోనే హెచ్‌ఐవీ కూడా వచ్చిందని ఆరేళ్ల కిందట తెలిసింది. మామా అల్లుళ్లిద్దరికీ ఒకే ఏడాది, ఒకే పెట్టెలోంచి వచ్చింది.

తొమ్మిదిన్నరకి చార్టు సిస్టరు వచ్చింది. ప్రతిదానికీ గీతలు గీసి గోడకి అంటించే మనిషి కాబట్టి ఆ పేరు. ఆ రోజు తెచ్చిన చార్టు మీద మూడు రంగుల గీతలున్నాయి. పాతికేళ్ల లోపు వాళ్లది ఆకుపచ్చ, ఆపైన నలభై అయిదు దాకా నీలం, నలభై అయిదు దాటినవాళ్లది ఎరుపు. మూడూ ఒకే చోట మొదలయ్యాయి. ఆకుపచ్చ గీత మెల్లగా దిగుతోంది. ఎర్రది సగం దూరం కూడా వెళ్లకుండానే నేలకి దిగిపోయింది. మధ్యలో అంటించిన చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో మనిషి.

"ఒంట్లో ఈ క్రిమి చేరినప్పుడు వయసు ఎంత ఎక్కువుంటే ఎయిడ్స్ అంత తొందరగా వస్తోంది," అంది సిస్టరు. "కుర్రాళ్లలో నెమ్మదిగా నడుస్తోంది. ఎందుకని అడక్కండి, మాకూ సరిగ్గా తెలీదు. ఆరేళ్లుగా మీ అందరి రక్తం చూసి గీసిన గీతలివి."

తర్వాత అసలు సంగతి చెప్పింది. జబ్బుని ఆలస్యం చేసే కొత్త మందొకటి వచ్చింది. ఈ విడతకి ఆసుపత్రికి ఆరుగురికి సరిపడానే ఇచ్చారు, మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పలేదు. రోగాలతో పోరాడే కణాలు మూడొందల కంటే దిగినవాళ్లలో, నలభై అయిదు దాటినవాళ్లకి ముందు. మిగిలిన చోట్లు కణాలు ఎవరికి తక్కువుంటే వాళ్లకి. పెద్దవాళ్లు అయిదుగురు తేలారు. ఆరో చోటు చిన్నవాళ్లలోంచి. జాబితా సోమవారం చదువుతారు.

లెక్క చెయ్యడానికి ఆమెకి కాగితం అక్కర్లేకపోయింది. పోయిన నెల పరీక్షలో కొడుక్కి రెండొందల నలభై, అన్నయ్యకి రెండొందల అరవై. నలభై అయిదు లోపు వాళ్లలో కొడుకే అందరికంటే కింద ఉన్నాడు. అంటే ఆరో చోటు కొడుకుది. కానీ అన్నయ్యకి యాభై అని ఎవరైనా అంటే ఆ చోటు అన్నయ్యది, కొడుకు బయట.

పక్కకి తిరిగి చూసింది. అన్నయ్య మెడ చాచి చార్టు చూస్తున్నాడు. పాతికేళ్లు ఉత్తరాల మీద చిరునామాలు చదివిన కళ్లు, అంత దూరాన్నుంచి కూడా చుక్కలు లెక్కపెట్టగలవు. లెక్కపెట్టాడు. ఆమె చేతి సంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అక్కా, పద," అన్నాడు. రాగం తియ్యలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విడిచాక గానీ ఆ మాట ఎత్తలేదాయన. కొడుకు స్నానానికి వెళ్లేదాకా ఆగి, వంటింటి స్టూలు మీద కుడికాలు బారజాపుకుని కూర్చుని, "చెల్లాయ్, నువ్వు నోరు విప్పకు," అన్నాడు. ఎవరైనా అడిగితే తనకి నలభై మూడే. ఇప్పుడు వయసు మారిందంటే పోస్టాఫీసు వాళ్లు ఊరుకోరు, ఉద్యోగం ఊడుతుంది, ముగ్గురూ ఏం తింటారు అన్నాడు. చాలా సేపు ఉద్యోగం గురించే మాట్లాడాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే చెల్లెలి ముందు తన పప్పులుడకవని తెలిసినవాడు మాట్లాడేంత సేపు మాట్లాడాడు.

"నీ బెంగ ఉద్యోగం గురించేనా?" అందామె.

"మరి దేని గురించి?" అని, లేచి ఫ్రిజ్ తెరిచాడు.

ఫ్రిజ్ పై అరలో పొడి మందు సీసాలు రెండు వరసలుంటాయి. ఎడమది కొడుకుది, కుడిది అన్నయ్యది. ఇప్పుడిచ్చేది వేడిచేసి శుభ్రం చేసిన మందు, దానికి భయం లేదు. ఎప్పుడూ చాలినంత ఉండదు, అంతే. కొడుకు పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. ఒక్క సీసా మిగిలితే అది చిన్నోడిది. అన్నయ్య కుడి మోకాలు వంగకుండా బిగుసుకుపోయింది అలా ఇచ్చేసిన సీసాల వల్లే. ఇప్పుడు కూడా కుడి వరసలోంచి ఒక సీసా తీసి ఎడమ వరస చివర పెట్టాడు. పెట్టి, ఏదో మంచినీళ్ల కోసం తెరిచినట్టు నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆమెకి సంతోషం వేసింది. కొడుక్కి మందొస్తుంది, అన్నయ్య అడ్డుపడడం లేదు సరికదా తనే దారి చూపించాడు. ఆమె చెయ్యాల్సిందల్లా ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే, నోరు మూసుకోవడం. ఆ సంతోషంతోనే అన్నం వార్చింది. వార్చే గంజిలోకి చూస్తూ, తనలాంటి చెల్లెలు పగవాడికి కూడా వద్దనుకుంది.

ఆమె పనిచేసేది ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో. కొట్టు యజమాని చెక్క పని చూసుకుంటాడు, అద్దాలన్నీ ఆమె చేతి మీదుగా వెళ్తాయి. ఇంట్లో బల్ల మూలలకి గుడ్డ చుట్టి, చాకులన్నీ పై అరలో దాచిన మనిషి రోజంతా అద్దాలు కోస్తుందంటే ఎవరూ నమ్మరు. కొలత చూసి, స్కేలు అదిమి, కిరసనాయిలులో ముంచిన చక్రపు కత్తిని ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఆపకుండా లాగాలి. సన్నగా బియ్యం రాలిన చప్పుడొస్తే గీత పడ్డట్టు. అదే గీత మీద రెండోసారి లాగకూడదు. లాగితే అద్దం చెప్పిన మాట వినదు, ఎటు పడితే అటు పగులుతుంది. గీత పడ్డాక అద్దాన్ని బల్ల అంచుకి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని, కిందికి ఒక్క విరుపు.

బుధవారం రెండు అద్దాలు పాడుచేసింది. రెండూ రెండోసారి లాగినవే. యజమాని చూసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. గురువారం ఎడమ బొటనవేలు కోసుకుంది. ఈ పనిలో అది రోజూ ఉండేదే. వేలు కుళాయి కింద పెట్టి, గుడ్డతో అదిమి గోడ గడియారం చూసింది. మూడు నిమిషాలు. గుడ్డ తీస్తే నెత్తురు ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా ఆమెకి అది అన్యాయంగానే ఉంటుంది. తన రక్తానికి ఆగడం తెలుసు. తను కన్నవాడి రక్తానికి తెలీదు, అదీ తన వల్లే. ఆ సిగ్గు ఆమెని పంతొమ్మిదేళ్లుగా వదల్లేదు. ఇప్పుడు వాడికి ఒక్క మంచి జరగబోతుంటే అడ్డం పడాలా అనుకుంది. యాభై ఏళ్లు వచ్చినవాడు లోకం చూశాడు కదా అని కూడా అనుకుంది. అనుకున్న వెంటనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది, చేతికి గుడ్డ కట్టి ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య అన్నంలో చల్లటి మజ్జిగ పోయించుకుని, నమలకుండా మింగుతున్నాడు. కూర ముట్టుకోలేదు. పంటి నొప్పి అన్నాడు. ఏ పన్ను అని ఆమె అడిగితే కొత్తది మొలుస్తోంది, నాకు నలభై మూడే కదా అని నవ్వాడు. ఆ నవ్వులో నోరు తెరుచుకుంది. నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి పొర పేరుకుని ఉంది. వరండాలో పోయినేడు ఇద్దరికి అలాగే మొదలైంది. ఆ ఇద్దరూ ఎర్ర గీత వాళ్లే. వాళ్ల కుర్చీల్లో ఇప్పుడు వేరేవాళ్లు కూర్చుంటున్నారు.

ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు మామయ్య నోటివైపే చూస్తున్నాడు. తల్లి చూడటం గమనించి కంచంలోకి తల వంచాడు.

శనివారం మధ్యాహ్నం కొట్టు సగం పూటే. ఆమె ఇంటికొచ్చేసరికి అన్నయ్య ఇంకా పోస్టాఫీసులోనే ఉన్నాడు. కొడుకు కిటికీ దగ్గర బల్ల మీద కాగితం పరిచి ఏదో ఊరి కాలవలు గీస్తున్నాడు. ఎడమ మోచేతికి కట్టుంది, దాని కింద దిండు పెట్టుకున్నాడు. ఆమె సంచీ కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో రెండు రోజులుగా అనుకున్నదంతా గాలికి పోయింది.

"ఆరో చోటు నీకొస్తుంది," అంది.

"తెలుసు."

"మామయ్య వయసు చెబితే రాదు."

"అదీ తెలుసు," అన్నాడు కొడుకు. పెన్ను ఎత్తకుండా ఆ కాలవ చివరిదాకా గీసి, అప్పుడు పెన్ను పక్కన పెట్టాడు. "మంగళవారం నుంచీ నువ్వు చెప్తావేమో అని చూస్తున్నానమ్మా. నేను చెబితే త్యాగం అంటారు. వరండాలో అందరూ వీపు తడతారు, మామయ్య ఏడుస్తాడు, ఆ మందు చచ్చినా ముట్టుకోడు. నువ్వు చెబితే ఉన్న వయసు చెప్పినట్టు."

ఆమె భయంగా లేదా అని అడిగింది. అడగకూడని ప్రశ్న, కానీ తల్లి గనక అడిగింది.

"లేదంటే అబద్ధం. ఉంది. కానీ చార్టు నేనూ చూశాను, గీతలు గీయడమే నా పని. నా గీతకి కింద ఇంకా చోటుంది. మామయ్య గీతకి లేదు. వచ్చే విడత దాకా నేను ఆగగలను. ఆయన ఆగలేడు. నోరు చూశావుగా?"

చూశానంది. లేచి వెళ్లి కొడుకు తల మీద చెయ్యి వేసింది. కట్టున్న మోచెయ్యి తగలకుండా, చిన్నప్పట్నుంచీ అలవాటైన జాగ్రత్తతో వాణ్ని పొట్టకి అదుముకుంది. ఆ చోటు వాడి నుంచి తనే లాగేసుకోబోతున్నందుకు ఏడుపొచ్చింది. అదే క్షణాన నాలుగు రోజులుగా గుండె మీదున్న బరువు దిగింది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆమెకి అర్థం కాలేదు. కొడుకు మాత్రం, "అమ్మా, కాగితం నలుగుతోంది," అన్నాడు.

చెప్పాలని తేలాక చెబితే నమ్మేదెవరన్న ప్రశ్న వచ్చింది. కాగితాలన్నీ ఒకే మాట మీదున్నాయి. అన్నయ్య ససేమిరా ఒప్పుకోడు, తన చెల్లెలికి మతి చెడిందంటాడు. ఆదివారం పొద్దున గది ఊడుస్తూ ఆమె గోడవైపు చూసింది. చూసి, చీపురు పక్కన పడేసి నవ్వుకుంది. ఊరందరి ఫొటోలూ కట్టే మనిషికి తన గోడ మీద ఉన్నదే తట్టలేదు.

ఆ ఫ్రేము ఆమె పనిలో చేరిన కొత్తలో కట్టిందే. బోర్లా తిప్పి బల్ల మీద దుప్పటి పరిచి పెట్టింది. వెనక అంటించిన గోధుమరంగు కాగితం అంచుల్ని తడిగుడ్డతో నానబెట్టి ఒలిచింది. చిన్న మేకులు పట్టకారుతో ఒక్కొక్కటే లాగి సీసా మూతలో వేసింది. అట్ట తీసింది. ఫొటో ఒక మూల అద్దానికి అతుక్కుపోయి ఉంది. అక్కడ సన్నటి రేకు దూర్చి, ఊపిరి బిగబట్టి, అరగంట సేపు తీసింది. ఒక్క చిరుగు పడలేదు. ఫొటో వెడల్పు పుస్తకంలో పెట్టి పుస్తకాన్ని సంచీలో పెట్టింది.

అన్నయ్య కుంటుకుంటూ వచ్చి, గోడ మీద తెల్లగా మిగిలిన చదరాన్ని చూసి, ఫొటో ఏదని అడిగాడు.

"అద్దం మసకేసింది, మారుస్తున్నా," అందామె. ముప్పై ఏళ్లు ఆయన కోసం బయట అబద్ధమాడిన మనిషి, ఆయనతో ఇంట్లో అబద్ధమాడటం అదే మొదటిసారి.

సోమవారం వరండా కిటకిటలాడింది. పెద్ద డాక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు, చార్టు సిస్టరు కార్డుల నంబర్లు చదివింది. అయిదూ పెద్దవాళ్లవే. ఒక్కో నంబరుకీ ఒకాయన లేచి, తప్పు చేసినవాడిలా అటూ ఇటూ చూసి వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాడు. ఆరోది దూది నంబరు. నలుగురు చప్పట్లు కొట్టబోయి ఆగారు. అన్నయ్య మాత్రం ఆగలేదు, గట్టిగా కొట్టాడు. ఆ చేతులకి అలా కొట్టడం మంచిది కాదు.

కొడుకు లేవలేదు. ఆమె లేచింది.

"సిస్టర్ గారూ, లెక్కలో ఒక తప్పుంది," అంది. "మా వాడిది కాదు ఆ చోటు. ఈయన వయసు మీ దగ్గర తప్పు పడింది. నలభై మూడు కాదు, యాభై."

"అక్కా, కూర్చో," అన్నాడు అన్నయ్య.

చార్టు సిస్టరు కార్డు తీసి చూసింది. కార్డులో నలభై మూడే ఉందనీ, పోస్టాఫీసు వాళ్ల కాగితమూ అదే చెబుతోందనీ అంది. అన్నయ్య అందుకున్నాడు. మా అక్కకి నాలుగు రోజులుగా నిద్రలేదు, ఏం మాట్లాడుతోందో తనకే తెలియడం లేదు, పిల్లాడికి మందిచ్చి పంపండి అన్నాడు. చక్కగా మాట్లాడాడు. అబద్ధానికి అంత అందంగా నప్పే మనిషి ఇంకొకడు ఉండడు.

ఆమె సంచీలోంచి పుస్తకం తీసి, ఫొటో బల్ల మీద పెట్టింది. స్టూడియో కుర్చీలో అయిదేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. ఒళ్లో ఏడాది పాప.

"ఆ పాప నేను. నా వయసు నలభై ఆరు, మా వాడి కార్డులో తల్లి వయసు చూడండి, మీరే రాశారు," అంది. "నాకన్నా మూడేళ్లు చిన్నవాడైతే, నన్ను ఒళ్లో ఎలా కూర్చోబెట్టుకున్నాడు?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు కళ్లజోడు పైకి నెట్టుకుని వంగాడు. అది వేరే కుర్రాడు, చుట్టాలబ్బాయి అన్నాడు అన్నయ్య. చార్టు సిస్టరు ఫొటో చేతిలోకి తీసుకుంది. ఫొటోలో కుర్రాడి చెవులు చాటల్లా ఉన్నాయి. కుడి మోకాలికి లావుగా కట్టుంది, ఆ కాలు వంచలేక ముందుకి బారజాపాడు. సిస్టరు ఫొటో దించి చూసింది. ఎదురుగా కుర్చీలో అవే చెవులు, అదే కాలు, అలాగే బారజాపి. చెవులకి రంగు వేసుకోవడం కుదర్లేదు పాపం.

అయినా ఆయన తల దించుకుని నేల చూస్తున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది. నలభై మంది వింటున్నారు. అందులో పోస్టాఫీసు వైపు వెళ్లేవాళ్లు కూడా ఉండొచ్చు.

"అన్నయ్యా," అంది. "వయసు చెప్పు."

గడప బయట ఆ మాట ఆయన చెవిన పడి ముప్పై ఏళ్లు దాటింది. తల ఎత్తాడు. ముందు చెల్లెల్ని, తర్వాత మేనల్లుణ్ని చూశాడు. మేనల్లుడు నవ్వుతున్నాడు. వాడి నవ్వులో ఎక్కడైనా దిగులు దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు చాలా సేపు చూశాడు.

"యాభై," అన్నాడు. "పోయిన నెలతో నిండాయి."

చార్టు సిస్టరు కార్డు మీద నలభై మూడు కొట్టేసి యాభై రాసింది. ఈ కాగితం ఈ గది దాటదనీ, పోస్టాఫీసుకి ఇక్కడి వయసుతో పనిలేదనీ చెప్పింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, నీలం గీతలో అందరికంటే కింద విడిగా పడి ఉన్న ఒక చుక్కని గోరుతో గీకింది. ఏడాదిగా ఈ చుక్క నన్ను తినేస్తోంది అంది. ఈ వయసులో ఇంత తొందరగా ఎందుకు దిగుతోందని ఎంత తల బద్దలు కొట్టుకున్నా తేలలేదట. దాన్ని ఎర్ర గీత పక్కన పెట్టింది. సరిగ్గా అతికింది.

అన్నయ్య నోట్లో పొర సంగతి కూడా చెల్లెలే చెప్పింది. డాక్టరు అన్నయ్య నోరు తెరిపించి, లైటు వేసి చూసి, దానికి వేరే మందు రాశాడు. ఇంకో పది రోజులు ఆగితే గొంతులోకి దిగేదన్నాడు. దూది వైపు తిరిగి, వచ్చే విడతలో మొదటి నంబరు నీదే, అందాకా నెలనెలా వచ్చి రక్తం ఇవ్వకపోతే నేనే మీ ఇంటికి వస్తానన్నాడు.

మందు మొదటి మోతాదు అక్కడే వేసుకోవాలి. సిస్టరు మాత్రనీ నీళ్ల గ్లాసునీ అన్నయ్య చేతికిచ్చింది. ఆయన మాత్రని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పక్కకి జరిగింది, మేనల్లుడి వైపు. మేనల్లుడు ఆ వేళ్లని ఒక్కొక్కటే మెల్లగా ముడిచి, పిడికిలిని మామయ్య గుండె వైపే తోశాడు.

"ఇది నీ వరసలోది మామయ్యా," అన్నాడు.

అన్నయ్య మింగాడు. మింగడం కష్టమైంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మాత్ర వల్లేనన్నాడు.

ఇంటికి వెళ్లే బస్సు నిండుగా ఉంది. ముగ్గురూ మెట్టు ఎక్కి కడ్డీ పట్టుకున్నారు. బస్సు కుదుపుకి అన్నయ్య కుడికాలు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడ్డాడు. అలవాటు కొద్దీ, "అక్కా, సంచీ ఇలా ఇవ్వు," అన్నాడు.

ఆమె సంచీ ఇవ్వలేదు. ముందు సీట్లో కూర్చున్న కుర్రాడి భుజం తట్టింది.

"బాబూ, కాస్త లేస్తావా? మా అన్నయ్య పెద్దవాడు, నిలబడలేడు," అంది, బస్సంతా వినేలా.